మాయమైన టీచరు ట్యాబ్

ముఖ్వానా మాస్టారు బీరువా కింద ఇరుక్కుపోయాడు.

తల, భుజాలు లోపల. కాళ్లు బయట. నోట్లో టార్చిలైటు. ఉన్న ఒక్కగానొక్క మంచి టై బీరువా కోడుకి చుట్టుకుంది. అక్కడ ఆయనకు దొరికినవి ఒక సుద్దముక్క, ఒక ఎండిపోయిన బల్లి, నిరుడు పోయిందనుకున్న గంట కొట్టే ఇనుప ముక్క. దొరకాల్సింది మాత్రం దొరకలేదు.

"మాస్టారూ, జీపు చెరుకు కాటా దాటింది," కిటికీ దగ్గర కాపలా కాస్తున్న నమల్వా టీచరు చెప్పింది.

ముఖ్వానా టార్చి నోట్లో పెట్టుకునే ఏదో అడిగాడు. ఇంకొకరైతే అర్థమయ్యేది కాదు. నమల్వాకు అర్థమైంది. టర్మంతా ఇద్దరూ ఇదే వెతుకులాటలో ఉన్నారు.

"మీరు బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో, వాళ్లు లోపలికి రావడానికీ అంతే సేపు," అంది ఆవిడ.

కెన్యా ప్రభుత్వం ఒకటో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబ్‌లు ఆ బీరువాలోనే ఉంటాయి. ఒక్కోదానికీ ఒక అర, ఆ అరలోనే ఛార్జింగు. చవక సరుకే. కానీ ఆకుపచ్చ రబ్బరు తొడుగు వేసిన మొండి సరుకు. మేక తొక్కినా పగలదు. తొక్కించి చూశారు కూడా. అన్నిటికన్నా పైన 'టీచరు' అని రాసిన అర ఉంది. ఆ అర ఖాళీ. ట్యాబ్‌లు వచ్చిన రోజు సాయంత్రం లెక్క చూసుకున్నప్పటి నుంచీ అది ఖాళీయే.

ఈ రహస్యం ఇన్నాళ్లూ ఇద్దరి మధ్యే ఉంది. ఈ పొద్దున ఫోను మోగింది. జిల్లా విద్యాధికారి లుస్వేటి తనిఖీకి వస్తున్నాడు. ఒక్కడే రావడం లేదు. నైరోబి నుంచి ట్యాబ్‌ల పథకం డైరెక్టర్ కెరుబో మేడమ్ కూడా వస్తోంది. ఫోనులో లుస్వేటి చివరి మాట ముఖ్వానా చెవిలో ఇంకా గింగురుమంటూనే ఉంది. "ఒక్కటి తగ్గినా సరే మాస్టారూ, మొత్తం బీరువా వేరే జిల్లాకి పోతుంది."

నిరుడు ఒకటో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. పిల్లలు ఆవుల వెంట, చెరుకు బళ్ల వెంట ఉండేవాళ్లు. ట్యాబ్‌లు వచ్చాక కొండ అవతలి నుంచి కూడా పిల్లలు నడిచి వస్తున్నారు. గేటు తెరవకముందే వచ్చి కూర్చుంటున్నారు. బీరువా వెళ్లిపోతే వారం తిరక్కుండా ఆ పిల్లలంతా మళ్లీ ఆవుల వెంటే ఉంటారు. ఆ సంగతి ముఖ్వానాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నమల్వా కత్తెర తెచ్చి టై కత్తిరించింది. ముఖ్వానా బయటికి వచ్చి, మెడలో మిగిలిన మూర ముక్కతోనే మసిందేకి ఫోను చేశాడు.

మసిందే కొండ పక్క బడికి హెడ్మాస్టరు. పైగా ముఖ్వానాకు తోడల్లుడు.

"తమ్ముడూ, ఒక ట్యాబ్ కావాలి. కాసేపటికే."

అవతల మసిందే ఎవరినో బయటికి పంపి తలుపు మూసిన చప్పుడైంది.

"మీ దగ్గరా ఉన్నాయి కదన్నా ట్యాబ్‌లు."

"ఉన్నాయి. ఒకటి లేదు."

"ఓహో." ఆ ఓహోలో జాలి లేదు, బేరం ఉంది. "లుస్వేటి సారు మీ బడి అయ్యాక మా బడికే వస్తాడు."

"ఆయన జీపు రోడ్డు మీద వస్తుంది. బరాసా మోటారు సైకిలు చెరుకు తోటల్లోంచి అడ్డంగా వస్తుంది. ఆయనకన్నా ముందే నీది నీకు చేరుతుంది."

"సరే. మరి కందనకాయ సంగతేంటి?"

ముఖ్వానా కళ్లు మూసుకున్నాడు. మామగారింట్లో కోడిని కోస్తే కందనకాయ పెద్దల్లుడిది. పెద్ద కూతుర్ని చేసుకున్న పుణ్యానికి ఇన్నేళ్లుగా ముఖ్వానా తింటున్నాడు, మసిందే చూస్తున్నాడు. తాను వయసులో పెద్దవాణ్ణని మసిందే వాదన. ఒకసారి తగువు కులపెద్దల దాకా వెళ్లింది. పెద్దలు తీరిగ్గా విచారించి, తీర్పు వాయిదా వేసి, ఆ కందనకాయ వాళ్లే తినేశారు.

"ఈ క్రిస్మస్‌కి నువ్వు తిను."

"ఈ క్రిస్మస్ ఒక్కటేనా? ఇక ఎప్పటికీ."

బయట జీపు హారన్ వినిపించింది.

"ఎప్పటికీ," అన్నాడు ముఖ్వానా.

"ఇంకోటన్నా. నాకు అవసరమొచ్చినప్పుడు నువ్వూ ఒకటివ్వాలి."

"ఇస్తాను. ముందు పంపవయ్యా."

ఇక ట్యాబ్ వచ్చేదాకా అతిథులను గేటు దగ్గరే ఆపాలి. నమల్వా పిల్లల్ని రెండు వరసలుగా నిలబెట్టి స్వాగత గీతం మొదలుపెట్టించింది. ఆ పాటకు నాలుగు చరణాలు. నాలుగూ అయిపోయాయి. ఆవిడ ఐదోది అక్కడికక్కడే కట్టింది, అందులో డైరెక్టర్ గారిని పొగిడింది. ఆరో చరణంలో లుస్వేటిని, ఏడో చరణంలో జీపుని, ఎనిమిదో చరణంలో జీపు నాలుగు చక్రాలనూ విడివిడిగా పొగిడింది. మూడో చక్రం దగ్గర ఉండగా వంటశాల వెనక మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది.

బరాసా ఆ ప్రాంతమంతా జనాన్ని బండి వెనక ఎక్కించుకుని తిప్పే మనిషి. నలభై దాటినవాడు, చర్చిలో మంద్రస్వరం పాడతాడు. జాకెట్ జిప్పు తీసి, పాట పిల్లలకు వదిలేసి పరిగెత్తుకొచ్చిన నమల్వా చేతిలో ట్యాబ్ పెట్టాడు. నమల్వా వంటావిడ చంటిబిడ్డను అడిగి తీసుకుని, వీపున గుడ్డతో కట్టుకుంది. బిడ్డకీ వీపుకీ మధ్య ట్యాబ్.

"టీచరమ్మకు ఎప్పుడు పుట్టాడు?" అన్నాడు లుస్వేటి ఆశ్చర్యంగా.

"ఈ మధ్యేనండీ," అంది నమల్వా. ఆ బిడ్డకు అప్పటికే నాలుగు పళ్లున్నాయి.

లుస్వేటి ఇస్త్రీ మడత నలగని మనిషి. తాగే నీళ్లు కూడా ఇంటి నుంచే సీసాలో తెచ్చుకుంటాడు. ముఖ్వానా టీ, నూనెలో వేయించిన మాండాజీలు పెట్టించగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను బడిలో మంచినీళ్లు కూడా ముట్టనని మీకు తెలుసు కదా మాస్టారూ. కానుకలు, మర్యాదలు నా దగ్గర కుదరవు." ఈ మాట ముఖ్వానాకు చెబుతున్నా, చూపు మాత్రం డైరెక్టర్ వైపే ఉంది.

డైరెక్టర్ కెరుబో ఒక మాండాజీ తీసుకుని తినేసింది. ఆవిడ పొట్టిగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. లుస్వేటి సీసా ఎత్తి నీళ్లు తాగుతున్న ఆ కాస్త సమయంలో నమల్వా బీరువాకు వీపు ఆనించి నిలబడింది. వెనక్కి చెయ్యి పోనిచ్చింది. బిడ్డ ఏడ్చాడు. టీచరు అర నిండింది.

లుస్వేటి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఎక్కడా తేడా రాకపోవడంతో కొంచెం నిరాశపడినట్టు కనిపించాడు. తర్వాత పిల్లలకు ట్యాబ్‌లు పంచి, ఒకదాని తెర మీద వేలు పెట్టాడు.

"ఏనుగు ఏది? ఏనుగును తాకు," అంది ట్యాబ్ తియ్యగా. ఒక పిల్ల మొసలిని తాకింది. "తప్పు. ఇది మొసలి. మళ్లీ ప్రయత్నించు," అంది అంతే తియ్యగా.

"ఈ గొంతు ఎవరిదో తెలుసా పిల్లలూ?" అన్నాడు లుస్వేటి. "మన మేడమ్ గారిదే."

"ట్యాబ్ చవగ్గా ఉండాలన్నారు," అంది కెరుబో. "గొంతుకు బయటివాళ్లను పెడితే ధర పెరుగుతుందని నేనే చదివాను."

జీపు కదిలింది. ముఖ్వానా గోడకు చేరబడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. జేబులో ఫోను మోగింది.

"అన్నా, నాది వెంటనే పంపు. దాంతోపాటు నీదొకటి కూడా."

"రెండెందుకురా?"

మసిందే గొంతు తగ్గింది. "మా దాంట్లోనూ టీచరు ట్యాబ్ లేదన్నా. మొదటి నుంచీ లేదు."

"లేనివాడివి నాకెలా అప్పిచ్చావు?"

"ఒకటిస్తేనే కదా నిన్ను ఒకటి అడగ్గలిగేది. నీ తనిఖీ ముందే అయిపోతుంది. ఇక నీ బీరువా ఎవరు చూస్తారు?"

ముఖ్వానా ఫోను వైపు అసహ్యంగా చూశాడు, ఆ పైన మెచ్చుకోలుగానూ చూశాడు. తోడల్లుడు మోసగాడే గానీ లెక్క తప్పలేదు. అప్పుడే ఇంకో ఆలోచన తట్టింది. తనకూ టీచరు ట్యాబే లేదు, వాడికీ టీచరు ట్యాబే లేదు. ఒకే వస్తువు రెండు బళ్లలో పోవడం ఏమిటి? దాని గురించి కూర్చుని ఆలోచించే తీరిక లేదు. రెండు ట్యాబ్‌లు బరాసా జాకెట్‌లోకి వెళ్లాయి, జిప్పు గొంతు దాకా మూసుకుంది.

"జీపుకన్నా ముందు చేరాలి బరాసా."

"నేను జీపు కన్నా ముందు చేరని రోజుందా మాస్టారూ?"

ఆ రోజు వచ్చింది. చెరుకు తోట మధ్యలో లోడు ట్రాక్టరు ఒరిగిపోయి దారి మొత్తం మూసేసింది. బరాసా బండి తిప్పుకుని పెద్ద రోడ్డెక్కాడు. వాగు మలుపు దగ్గర జీపు కనిపించింది. నాలుగు చక్రాలూ బురదలో సగం దాకా దిగి ఉన్నాయి. డ్రైవరు వెనక నుంచి నెడుతున్నాడు. లుస్వేటి గట్టున నిలబడి, ఎలా నెట్టాలో చెబుతున్నాడు.

బరాసా తల వంచుకుని వేగంగా దాటిపోబోయాడు.

"ఏయ్, బండీ, ఆగు. మేడమ్ గారిని మసిందే మాస్టారి బడి దాకా దింపాలి. నన్ను కూడా."

ప్రభుత్వం చెయ్యెత్తితే ఆగక తప్పదు. బరాసా వెనక కెరుబో కూర్చుంది. ఆవిడ వెనక సీసా పట్టుకుని లుస్వేటి. ముగ్గురెక్కడం ఆ దారుల్లో వింతేం కాదు. ఇదే బండి మీద నలుగురు మనుషులు, ఒక తలుపు చెక్క వెళ్లిన రోజులున్నాయి.

మొదటి గుంత దగ్గర బరాసా పొట్ట బండి ట్యాంకుకు కొట్టుకుంది.

"ఏనుగు ఏది? ఏనుగును తాకు," అంది బరాసా పొట్ట.

బరాసా గట్టిగా చర్చి పాట అందుకున్నాడు. రెండో గుంత వచ్చింది.

"తప్పు. ఇది మొసలి. మళ్లీ ప్రయత్నించు."

వెనక నుంచి కెరుబో మెల్లగా అడిగింది. "ఏమిటి నాయనా ఆ చప్పుడు?"

"ఫోను మేడమ్. మా అమ్మాయి పెట్టింది, ఆ మోత."

"మొసలి అంటోంది."

"దానికి జంతువులంటే ప్రాణం మేడమ్."

మూడో గుంతకు రెండో ట్యాబ్ కూడా మేలుకుంది. అది త్రిభుజం కావాలంది. మొదటిది ఏనుగు కావాలంది. బరాసా పొట్ట త్రిభుజానికి మొసలి చూపిస్తూ, ఏనుగుకు గుండ్రం చూపిస్తూ వరసగా తప్పుతోంది. రెండింటిదీ ఒకే గొంతు. ఆ గొంతు యజమానురాలు జానెడు దూరంలో కూర్చుని వింటోంది.

"ఏమంటున్నాడు మేడమ్?" గాలిలో ఏదీ వినపడని లుస్వేటి వెనక నుంచి అరిచాడు.

"ఏం లేదు లుస్వేటి. పాఠం జరుగుతోంది."

మసిందే బడి గేటు తీసే ఉంది. ట్యాబ్‌ల కోసం గేట్లోనే నిలబడిన మసిందేకి, ట్యాబ్‌లు తెచ్చే మనిషి తనిఖీ అధికారులను కూడా వెంటబెట్టుకుని రావడం కనిపించింది. అతను నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

కెరుబో బండి దిగి, చీరుకున్న మేజోడు సర్దుకుని, బరాసా ముందుకొచ్చి నిలబడింది.

"నీ పేరేంటి నాయనా?"

"బరాసా అండీ."

"బరాసా, నీ పొట్టకు దారిపొడుగునా ఒక్క జవాబు కూడా రాలేదు. జాకెట్ విప్పు."

రెండు ట్యాబ్‌లూ బయటికి వచ్చాయి. లుస్వేటి మొహం ఎర్రబడింది, ఆ పైన వెలిగింది కూడా. పొద్దున్నుంచీ దొరకని తేడా ఇప్పుడు దొరికింది.

"దొంగ. ప్రభుత్వ సొమ్మును పొట్టకు కట్టుకుని, ఆ ప్రభుత్వాన్నే వెనక ఎక్కించుకున్నాడు. ఎక్కడివి ఇవి?"

బరాసా మసిందే వైపు చూశాడు. మసిందే ఆకాశం వైపు చూశాడు.

"దారిలో దొరికాయి సార్," అన్నాడు బరాసా.

"పోలీసులకు చెప్పుకుందువుగాని."

లుస్వేటి ఫోను తీసి పోలీసు ఠాణాకు కబురు చేశాడు. బరాసాను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, బండి తాళం తీసుకున్నాడు. ఆ బండి మీదే అతని ఇల్లు గడుస్తుంది. బరాసా తాళం వైపు చూశాడు గానీ ముఖ్వానా పేరు చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఎత్తి నిలబెట్టిన చెరుకు ట్రాక్టరు గేటు ముందు ఆగింది. లోడు మీద నుంచి ముఖ్వానా దిగాడు. బరాసా ఫోనుకు అందడం లేదని, దారిలో దొరికిన ట్రాక్టరెక్కి వచ్చాడు. జుట్టులో చెరుకు ఆకులు, మెడలో మూర టై. బెంచీ మీద బరాసాను చూశాడు. లుస్వేటి చేతిలో తాళాన్ని చూశాడు. ఆలోచించడానికి ఒక్క క్షణం తీసుకుని ఉంటే చెప్పలేకపోయేవాడు. అందుకని తీసుకోలేదు.

"అతను దొంగ కాదు మేడమ్. ఆ రెండూ పంపింది నేను. మా బీరువాలో టీచరు ట్యాబ్ మొదటి నుంచీ లేదు. పొద్దున మీరు చూసింది మసిందేది."

"మసిందేది?" కెరుబో తల తిప్పింది. "మరి మీ దాంట్లో ఎన్ని తక్కువ?"

"ఇప్పుడా మేడమ్, మామూలుగానా?" అన్నాడు మసిందే. ఆవిడ కళ్లు చూసి సర్దుకున్నాడు. "మామూలుగా ఒకటి. టీచరుదే."

కెరుబో ఫోను తీసి తర్వాతి బడికి చేసింది. అక్కడి హెడ్మిస్ట్రెస్ నంజాలాకు ఆవిడ ఇంకా ప్రశ్న కూడా వెయ్యలేదు. "నేనే చెబుదామనుకుంటున్నాను మేడమ్," అని అవతలి గొంతు ఏడుపు మొదలుపెట్టింది. ఆ తర్వాతి బడిలోనూ అదే జవాబు వచ్చింది, ఏడుపు లేకుండా.

"ముఠా," అన్నాడు లుస్వేటి. అతనికి సంతోషం ఆగడం లేదు. "అన్ని బళ్లలో చేతులున్న ముఠా. మేడమ్, నేను అవినీతిని సహించను. దొంగ పేరు ఇక్కడ, అందరి ముందు పైకి వినపడాలి. అప్పటిదాకా ఈ ట్యాబ్‌లు ఇక్కడ ఉండటానికి వీల్లేదు. మొదలు ఈ బడి నుంచే పెడదాం."

బురదలోంచి బయటపడ్డ జీపు అప్పుడే వచ్చింది. డ్రైవరు బీరువాలోని ట్యాబ్‌లు తెచ్చి వెనక సీట్లో పేర్చడం మొదలుపెట్టాడు. ఒకటో తరగతి పిల్లలు వరండాలో బారుగా నిలబడి చూస్తున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడిస్తే ఓదార్చడమైనా కుదిరేది.

ముఖ్వానా తోడల్లుడిని గోడ పక్కకు లాగాడు.

"తమ్ముడూ, ట్యాబ్‌లు వచ్చిన అట్టపెట్టె ఎలా విప్పావు?"

"ఎలా ఏముంది. స్పాంజి తీశాం, ట్యాబ్‌లు తీశాం. మళ్లీ స్పాంజి వచ్చింది. అయిపోయాయనుకున్నాం. వాన మొదలైంది. ప్రారంభోత్సవానికొచ్చిన సారు బయల్దేరుతున్నాడు."

"ఆ రెండో స్పాంజి లేపి చూశావా?"

"లేదు. నువ్వు?"

"నేనూ లేదు."



"పెట్టె ఏం చేశావు?" అన్నాడు ముఖ్వానా.

"ఇంటికొచ్చిన పెద్దమనిషిని వట్టి చేతులతో ఎలా పంపిస్తామన్నా? గట్టి పెట్టె. గాలాడే కన్నాలు కూడా ఉన్నాయి. కోడి కోసమే చేసినట్టుంది."

"నువ్వు కూడా కోడినేనా?"

"ఎర్ర పెట్ట. నువ్వు?"

"చుక్కల పెట్ట. గుడ్లకొచ్చింది."

ఇద్దరూ ఒకేసారి తలలు తిప్పి లుస్వేటి వైపు చూశారు. బడిలో మంచినీళ్లు కూడా ముట్టని లుస్వేటి సీసా ఎత్తి గుక్కెడు తాగాడు.

"మనం చెబితే కానుక ఇచ్చినందుకు మన ఉద్యోగం పోతుంది," అన్నాడు మసిందే. "పైగా ఆయన లేదంటే ఏం చేస్తాం? కోడిని సాక్ష్యం పిలుస్తామా?"

"చెప్పకపోతే బీరువాలు పోతాయి. బరాసా బండి పోతుంది."

"అన్నా, కందనకాయ నువ్వే తిను. నోరు మాత్రం తెరవకు."

ముఖ్వానా అప్పటికే నడుస్తున్నాడు. జీపు దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ట్యాబ్‌లు వచ్చిన పెట్టెలు ఖాళీ అనుకున్నాం. అవి ఖాళీ కావు."

"ఏ పెట్టెలు?" అంది కెరుబో.

లుస్వేటి సీసా మూత సగంలో ఆగిపోయింది. ట్యాబ్‌ల సంగతి అతనికి తెలియదు. పెట్టెల్లో ఏమేం ప్రయాణం చేశాయో మాత్రం బాగా తెలుసు. "మాస్టారికి ఎండదెబ్బ తగిలినట్టుంది మేడమ్. పాత పెట్టెల గొడవ మనకెందుకు? చెదలు తినేసి ఉంటాయి."

"చెప్పండి మాస్టారూ," అంది కెరుబో.

ముఖ్వానా నోరు తెరిచాడు. గేటు బయట నుంచి పాట వినిపించింది.

పక్క ఊరి చర్చి మహిళా సంఘం వస్తోంది. తలకు తెల్ల గుడ్డలు, నడుముకు రంగు గుడ్డలు. ముందు ఒక ముసలావిడ, నెత్తి మీద మూత పెట్టిన గిన్నె. ఆవిడను చూడగానే లుస్వేటి మొహంలో రంగు మారింది.

"అమ్మా, నువ్వెందుకొచ్చావు?"

"కొడుకు పక్క ఊరి దాకా వచ్చి ఇంటికి రాకపోతే తల్లే రావాలి మరి," అంది రాసోవా అవ్వ. "సీసా నీళ్లతో కడుపు నిండుతుందా? కోడి కూర, ఉగాలి ముద్ద తెచ్చాను. నువ్వు పంపిన వాటిల్లోదే, ఆ నల్ల పుంజు. పెట్టల్ని కొయ్యలేదులే, గుడ్లు పెడుతున్నాయి."

కెరుబో లుస్వేటి వైపు చూసింది. లుస్వేటి గిన్నె వైపు చూశాడు.

"ఈయన కోళ్లు పంపుతారా అవ్వా?" అంది కెరుబో.

ఆ గొంతు వినగానే పాట ఆగిపోయింది. ఆడవాళ్లు ఒకరినొకరు పొడుచుకున్నారు. "ఈవిడే. ఏనుగు మేడమ్ ఈవిడే," అని వెనక నుంచి ఒకావిడ అంది. నడుము గుడ్డల మడతలు విప్పడం మొదలైంది. ఒక్కొక్కరి చేతిలోనూ ఒక ఆకుపచ్చ రబ్బరు ట్యాబ్ బయటికి వచ్చింది. ఒకటి కాదు, రెండు కాదు. వరస గేటు దాకా ఉంది. లుస్వేటి ప్రారంభోత్సవం చేసిన బళ్లన్నిటికీ సరిపోయేంత వరస. జీపులో సర్దుతున్న డ్రైవరు చేతులు ఆగిపోయాయి. ఆ పెట్టెలన్నీ మోసుకెళ్లి ఊళ్లో దింపింది అతనే.

"మేమంతా రెండో పాఠం దాటామమ్మా," అంది అవ్వ కెరుబోతో. "నేను మూడోదాంట్లో ఉన్నాను. చర్చి మీద సోలారు పలక ఉందిగా, అక్కడే ఛార్జింగు పెట్టుకుంటాం. మీరు ఎన్నిసార్లు తప్పు చెప్పినా విసుక్కోరు. మా ఆయన అలా ఒక్క రోజు కూడా లేడు."

"ఇవి మీకెలా వచ్చాయి అవ్వా?" కెరుబో చాలా మెత్తగా అడిగింది. "ఎవరిచ్చారు?"

"అమ్మా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు లుస్వేటి. చొక్కా ఇస్త్రీ మొదటిసారి నలిగినట్టుంది. "ఎండలో నిలబడ్డావు. పద, జీపెక్కు."

"నువ్వుండరా. పొగిడితే వీడికి చిన్నప్పటి నుంచీ సిగ్గే." అవ్వ గిన్నె దించి కెరుబో చేతులు పట్టుకుంది. "కోడిని పంపిన ప్రతిసారీ పెట్టె అడుగున స్పాంజి కింద ఒకటి దాచి పంపేవాడమ్మా. కోడి పొడవకుండా ఎంత జాగ్రత్తో చూడండి. నాకు ఫోను చెయ్యడం వచ్చు కదా, చేసి చెప్పాను. బాబూ, నువ్వు పంపినవన్నీ భద్రంగా అందాయి, సంఘమంతా నిన్ను దీవిస్తోందని. సరేనమ్మా, బాగా చూసుకో, ఎవరికీ మాత్రం చెప్పకు అన్నాడు. ఇన్నాళ్లూ చెప్పలేదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు, నిజమే. కానీ ఎన్నాళ్లని దాస్తాం?"

వరండాలో బరాసా బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. మసిందే ఈసారి ఆకాశం వైపు చూడలేదు. ముఖ్వానా తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఇక దాన్ని వాడాల్సిన అవసరం లేదని అతనికి ఇంకా తెలియలేదు.

కెరుబో చేతిసంచిలోంచి పెన్ను తీసింది.

"దొంగ... క్షమించండి అవ్వా, దాత పేరు అందరికీ వినపడేలా చెప్పాలి. లుస్వేటి గారి కోరిక కూడా అదే."

"చెబుతాను, చెప్పకేం," అంది అవ్వ. తల గుడ్డ సరిచేసుకుని, బడి అంతటికీ వినపడేలా గొంతెత్తింది. "ప్రమోషనుకు పనికొస్తుంది, అక్షరం తప్పు పోకుండా రాసుకోండమ్మా. ఫెస్టస్ లుస్వేటి."